వర్టస్ జీటీకి 17 అంగుళాలా, 18 అంగుళాలా? అల్లాయ్ కొనేముందు దాని వెనక చదవాల్సిన నంబర్లు

జూలూరుపాడు నుంచి మీ అన్న. ఇవాళ అల్లాయ్ వీల్స్ గురించి మాట్లాడుకుందాం. పాటలు పెట్టి, స్లో మోషన్‌లో చక్రం తిప్పి చూపించే వీడియోలు మీ ఫోన్‌లో వంద ఉంటాయి. ఇది అలాంటిది కాదు. 150 హార్స్ పవర్ ఉన్న సెడాన్‌కి బయట చక్రాలు కొని బిగించాలంటే ఏ నంబరు చూడాలి, ఎక్కడ మోసపోతాం, మన రోడ్లకి ఏది ఆగుతుంది, ఇదంతా నిదానంగా చెప్తాను. కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి, ఫోన్‌లోదే చాలు.

కారు ఏంటంటే ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ. 2022 జూన్‌లో మన దేశంలో లాంచ్ అయింది. 1.5 లీటర్ టీఎస్ఐ ఇంజిన్, 150 పీఎస్ పవర్, 250 న్యూటన్ మీటర్ల టార్క్. స్కోడా స్లావియా 1.5 కూడా లోపల ఇదే ఇంజిన్, ఇదే ప్లాట్‌ఫామ్. కాబట్టి స్లావియా వాళ్లు కూడా వినొచ్చు. కంపెనీ నుంచి వచ్చే టైరు 205/55 ఆర్16. చాలామంది కంప్లైంట్ ఏంటంటే ఇంత పొడుగు కారుకి 16 అంగుళాల చక్రం చిన్నగా కనిపిస్తోందని. నిజమే, పక్క నుంచి చూస్తే మడ్‌గార్డు లోపల ఖాళీ కనిపిస్తది. ఆ ఖాళీ అక్కడ ఎందుకుందో ఈ వీడియో అయ్యేలోపు మీకే అర్థమవుతుంది.

ముందు టైరు మీద రాసింది చదువుదాం. 205 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 55 అంటే ఆ వెడల్పులో 55 శాతం టైరు గోడ ఎత్తు. గోడ అంటే సైడ్‌వాల్, రిమ్ అంచు నుంచి రోడ్డు దాకా ఉండే రబ్బరు భాగం. 16 అంటే రిమ్ వ్యాసం, అంగుళాల్లో. లెక్క వేయండి. 205లో 55 శాతం అంటే 112.75 మి.మీ. పైన ఒక గోడ, కింద ఒక గోడ, రెండూ కలిపి 225.5. 16 అంగుళాలు అంటే 406.4 మి.మీ. మొత్తం చక్రం ఎత్తు 631.9 మి.మీ. ఈ 632 అనే నంబరు గుర్తుపెట్టుకోండి. రిమ్ ఎంత పెంచినా మొత్తం ఎత్తు దీనికి దగ్గర్లోనే ఉండాలి. ఎక్కువ తేడా వస్తే స్పీడోమీటర్ తప్పు చూపిస్తది, ఏబీఎస్‌కి లెక్క మారుతుంది, మడ్‌గార్డుకి తగులుతుంది.

ఇప్పుడు 18 అంగుళాల రిమ్ వేశామనుకోండి. దానికి సరిపడే టైరు 215/40 ఆర్18. మొత్తం ఎత్తు 629.2 మి.మీ. చూశారా, ఎత్తు దాదాపు అంతే. స్పీడోమీటర్‌కి ఇబ్బంది లేదు. షాపువాడు ఇక్కడిదాకా కరెక్ట్‌గానే చెప్తాడు. 'అన్నా, డయామీటర్ సేమ్, ఏం కాదు' అంటాడు. వాడు చెప్పనిది గోడ సంగతి. 112 మి.మీ. ఉన్న గోడ 86 మి.మీ.కి వచ్చేసింది. అంటే ఒక అంగుళం రబ్బరు, ఒక అంగుళం గాలి పోయి దాని ప్లేసులో ఇనుము... సారీ, అల్యూమినియం వచ్చింది.

ఆ అంగుళంతో పనేంటి అంటారా? మీరు తల్లాడ నుంచి ఏన్కూరు మీదుగా మా ఊరికి రాత్రిపూట వస్తున్నారనుకోండి. ఎదురుగా లారీ హైబీమ్ కొట్టింది. తారు అంచు విరిగిన చోట గుంత ఉంది, కనిపించలేదు. చక్రం గుంతలోకి దిగి, అవతలి అంచుని గుద్దుకుంటుంది. ఆ క్షణంలో టైరు గోడ మడతపడి రిమ్ అంచుకీ, రోడ్డు అంచుకీ మధ్య నలుగుతుంది. గోడ ఎత్తుగా ఉంటే నలిగేలోపు దెబ్బ చాలావరకు గాలే తీసుకుంటుంది. పొట్టిగా ఉంటే రిమ్ నేరుగా అంచు మీద కూర్చుంటుంది. అప్పుడు రెండే జరుగుతాయి. రిమ్ వంగుతుంది, లేదంటే చిట్లుతుంది. లేదా టైరు గోడ లోపలి దారాలు తెగుతాయి. దారాలు తెగిన చోట గాలి ఒత్తిడికి టైరు పక్కన కోడిగుడ్డంత ఉబ్బు వస్తుంది. ఉబ్బు వచ్చిన టైరుకి ప్యాచ్ లేదు, రిపేరు లేదు. తీసి పక్కన పడేయాల్సిందే. దాని మీదే వంద స్పీడులో పోతే ఎప్పుడు పేలుతుందో చెప్పలేం.

మన ఏరియా ఎట్లుంటదో తెలియని వాళ్లకి చెప్తా. కొత్తగూడెం వైపు బొగ్గు టిప్పర్లు, పాల్వంచ దాటితే భద్రాచలం దాకా భక్తుల బస్సులు, మధ్యలో అడవి. పత్తి సీజన్‌లో ట్రాక్టర్ ట్రాలీలు చేలల్లోంచి బురదతో తారు రోడ్డెక్కుతాయి. ఊరికో స్పీడ్ బ్రేకర్, దానికి తెల్ల గీత ఉండదు. వానాకాలం అయిపోయాక తారు అంచులు కొరుక్కుతిన్నట్టు ఉంటాయి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద 18 అంగుళాలు వేసుకుని తిరిగేవాడి లెక్క వేరు, మన లెక్క వేరు. వాడు చెప్పింది వాడికి కరెక్టే. మనకి కాదు.

ఇది ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, మా బాబాయి కొడుకు కథ ఉంది. వాడు హైదరాబాద్‌లో ఉద్యోగం, సెకండ్ హ్యాండ్‌లో వర్టస్ జీటీ తీసుకున్నాడు. ఇంటికి అదొక్కటే కారు. పిన్నికి నెలకోసారి ఖమ్మం హాస్పిటల్లో చెకప్. వాడు ఆ వారం ఊరికి వచ్చి అదే కార్లో తీసుకెళ్తాడు. ఒకరోజు ఫోన్ చేసి 'అన్నా, 18 అంగుళాల సెట్టు దొరికింది, నాలుగు రిమ్ములు టైర్లతో సహా, బయటి రేటులో సగం' అన్నాడు. సగం అనగానే నాకు డౌట్ వచ్చింది. 'ఒరేయ్, అడ్వాన్స్ ఇవ్వకు. ముందు రిమ్ వెనక్కి తిప్పి ఫోటో తీసి పంపు' అన్నాను. పక్క నుంచి బాబాయ్ గొంతు వినిపిస్తోంది: 'ఉన్న చక్రాలు గుండ్రంగానే ఉన్నాయి కదరా, మళ్లీ ఎందుకు?' అని. నిజం చెప్పాలంటే బాబాయ్ ప్రశ్నకి నా దగ్గర గట్టి జవాబు లేదు.

ఫోటో వచ్చింది. అల్లాయ్ ముందు భాగం మనకి చూపించడానికి, వెనక భాగం చదవడానికి. వెనక ఏముండాలో ఇప్పుడు చెప్తాను.

మొదటిది పీసీడీ. బోల్టు రంధ్రాలన్నీ ఒక వృత్తం మీద ఉంటాయి కదా, ఆ వృత్తం వ్యాసం. వర్టస్, స్లావియాకి 5×100. అంటే ఐదు బోల్టులు, 100 మి.మీ. వృత్తం. పాత పోలో, వెంటో, ర్యాపిడ్‌కి కూడా ఇదే. కానీ అదే స్కోడా షోరూమ్‌లో అమ్మిన ఆక్టేవియాకి, సూపర్బ్‌కి 5×112. కంపెనీ ఒకటే కదా అని ఆక్టేవియా చక్రం తెచ్చి స్లావియాకి వేయలేరు. మార్కెట్లో ఎక్కువగా దొరికేది 5×114.3. క్రెటా లాంటి బళ్లకి అదే సైజు కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో కుప్పలు ఉంటాయి. ఇక్కడే అసలు ప్రమాదం. 112కీ 114.3కీ తేడా 2.3 మి.మీ. మాత్రమే. కంటికి తెలియదు. ఆక్టేవియాకి 114.3 చక్రం పెట్టి గన్నుతో బిగిస్తే బోల్టులు ఎక్కేస్తాయి. ఎక్కుతాయి గానీ నిటారుగా ఎక్కవు, కొద్దిగా ఏటవాలుగా కూర్చుంటాయి. ఆ బోల్టు మీద ప్రతి చుట్టుకీ వంచే బలం పడుతుంది. మన 632 మి.మీ. చక్రం వంద స్పీడులో సెకనుకి 14 చుట్లు తిరుగుతుంది. సెకనుకి 14 సార్లు ఒక బోల్టుని అటూఇటూ వంచుతూ పోతే అది ఏదో ఒకరోజు లూజ్ అవుతుంది, లేదా విరుగుతుంది.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు లైబ్రరీ వెర్షన్ కొంచెం తేడా ఉంటే బిల్డ్ ఫెయిల్ అయ్యేది, ఎర్రగా ఎర్రర్ వచ్చేది. అది చాలా మంచి సిస్టమ్ అండీ. చక్రానికి ఆ ఎర్రర్ మెసేజ్ లేదు. డిప్లాయ్ అయిపోతది, క్రాష్ రోడ్డు మీద అవుతది.

రెండోది సెంటర్ బోర్. చక్రం మధ్యలో ఉండే పెద్ద రంధ్రం. కారు హబ్ మీద మధ్యలో ఒక గుండ్రటి ఉబ్బు ఉంటుంది, చక్రం దాని మీద కూర్చుంటుంది. మన కార్లకి అది 57.1 మి.మీ. బయట అమ్మే అల్లాయ్‌లు అన్ని కార్లకీ సరిపోవాలని పెద్ద రంధ్రంతో చేస్తారు, చాలావాటికి 73.1 ఉంటుంది. అంటే చుట్టూ 8 మి.మీ. ఖాళీ. ఆ ఖాళీలో హబ్ రింగ్ పెట్టాలి. బయట 73.1, లోపల 57.1. ప్లాస్టిక్‌వి ఉంటాయి, అల్యూమినియంవి ఉంటాయి. నేనైతే అల్యూమినియం అంటాను. బ్రేక్ వేడికి ప్లాస్టిక్ రింగులు మెత్తబడి విరగడం జరుగుతుంది. అసలు రింగే లేకుండా బిగిస్తే చక్రం సరిగ్గా మధ్యలో కూర్చోదు. ఎనభై, తొంభై స్పీడులో స్టీరింగ్ వణుకుతుంది. మీరు మూడుసార్లు బ్యాలెన్సింగ్ చేయిస్తారు, తగ్గదు. ఎందుకంటే లోపం తూకంలో లేదు. రింగు ఖరీదు చూస్తే మొత్తం ఖర్చులో లెక్కలోకే రాదు, కానీ షాపువాడు అడగనిదే ఇవ్వడు.

ఒకవేళ రంధ్రం 57.1 కంటే చిన్నగా ఉంటే? 'లేత్ మీద పెట్టి కొంచెం కోయిస్తాం అన్నా' అంటారు. వద్దండి. ట్రాక్టర్ పనిముట్లు కోసే లేత్ మీద అల్లాయ్ చక్రాన్ని మిల్లీమీటరులో పదో వంతు తేడా లేకుండా సెంటర్ చేసి కోయడం తేలిక కాదు. పది రంధ్రాల రిమ్ములు కూడా ఉన్నాయి, ఒకే చక్రానికి రెండు పీసీడీలు. అది కంపెనీలో అలాగే డిజైన్ చేసి టెస్ట్ చేసినదైతే పర్వాలేదు. తర్వాత ఎవరో డ్రిల్ చేసినదైతే దూరం పెట్టండి.

మూడోది ఆఫ్‌సెట్. వెనక ఈటీ అని రాసి పక్కన నంబరు ఉంటుంది. హబ్‌కి తగిలే ముఖం, రిమ్ సరిగ్గా మధ్య గీత నుంచి ఎన్ని మిల్లీమీటర్లు బయటికి ఉందో అది చెప్తుంది. ఇది రిమ్ వెడల్పుతో కలిపి చూడాలి. వెడల్పు జే అని ఉంటుంది. ఉదాహరణకి మీ పాత చక్రం 6.5జే, ఈటీ 40 అనుకుందాం. కొత్తది 7.5జే, ఈటీ 35. వెడల్పు ఒక అంగుళం పెరిగింది, అంటే బయటికి 12.7, లోపలికి 12.7. ఈటీ 5 తగ్గింది కాబట్టి మొత్తం చక్రం 5 మి.మీ. బయటికి జరిగింది. బయటి అంచు 17.7 మి.మీ. బయటికి వచ్చింది, లోపలి అంచు 7.7 మి.మీ. లోపలికి, స్ట్రట్ వైపు పోయింది. ఇప్పుడు టేపు తీసుకుని మీ కారు దగ్గర కొలవండి. లోపల టైరుకీ స్ట్రట్‌కీ మధ్య ఎంతుంది, బయట మడ్‌గార్డు అంచుకీ టైరుకీ మధ్య ఎంతుంది. ఈ కొలత తీయకుండా కొనేవాళ్లే ఎక్కువ. చక్రం మడ్‌గార్డు దాటి బయటికి పొడుచుకొస్తే చూడ్డానికి రేసు కారులా ఉంటుంది, వానకి పక్కనున్న బైకువాడి ముఖం మీద బురద స్ప్రే చేస్తది. వీల్ బేరింగ్ మీద లోడు కూడా పెరుగుతుంది.

నాలుగోది లోడ్ రేటింగ్. దీని గురించి మన దగ్గర ఎవరూ మాట్లాడరు. రిమ్ వెనక ఆ చక్రం ఎన్ని కిలోలు మోస్తుందో అచ్చు ఉండాలి. కారు ప్లేటు మీద ముందు యాక్సిల్, వెనక యాక్సిల్ గరిష్ఠ బరువు రాసి ఉంటుంది. పెద్ద నంబరు తీసుకుని సగం చేయండి. ఒక్క చక్రం కనీసం అంత మోయాలి, ఎక్కువుంటే ఇంకా మంచిది. టైరుకి కూడా ఇదే. 205/55 ఆర్16 మీద 91 అని ఉంటుంది, అంటే 615 కిలోలు. 215/45 ఆర్17లో మామూలు టైరు 87 దొరుకుతుంది, అది 545 కిలోలే. ఒక్కో చక్రానికి 70 కిలోలు తగ్గిపోయింది! 215/40 ఆర్18లో ఎక్స్‌ట్రా లోడ్ టైరు తీసుకున్నా 89, అంటే 580. ఐదుగురు ఎక్కి, డిక్కీలో మిరపకాయల బస్తా వేసుకుని ఖమ్మం మార్కెట్‌కి పోయే ఊరు మనది. ఈ 35 కిలోలు, 70 కిలోలు కాగితం మీద లెక్క కాదు.

ఇక తమ్ముడు పంపిన ఫోటో. వెనక ఏముంది? 18×8 అని ఉంది. ఈటీ నంబరు ఉంది. అంతే. లోడ్ రేటింగ్ లేదు, చేసిన కంపెనీ పేరు లేదు, ఐఎస్ఐ మార్కు లేదు. ముందువైపు మాత్రం జర్మనీ కంపెనీ పేరుతో మెరిసే స్టిక్కరు. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే. మన దేశంలో అల్లాయ్ వీల్స్‌కి ఐఎస్ 16192 అనే స్టాండర్డ్ ఉంది. వంచే పరీక్ష, తిప్పే పరీక్ష, గుద్దే పరీక్ష పాసవ్వాలి. జపాన్ చక్రాల మీద జేడబ్ల్యూఎల్ అని ఉంటుంది, అది కంపెనీ తనే పరీక్ష చేసి వేసుకునే గుర్తు. పక్కన వీఐఏ అని కూడా ఉంటే బయటి సంస్థ చూసిందని అర్థం. ఈ గుర్తులు కూడా కాపీ కొట్టేవాళ్లున్నారు, అందుకే బిల్లు, కంపెనీ వెబ్‌సైట్లో ఆ మోడల్, రెండూ కలిపి చూడాలి. విదేశీ బ్రాండే కావాలని కూడా లేదు. ఎన్‌కై జపాన్ కంపెనీ, పుణె దగ్గర ఫ్యాక్టరీ ఉంది. నియో లాంటి మన బ్రాండ్లు ఉన్నాయి. 'అది ఊడిపోతుందంటావా అన్నా?' అని అడిగాడు తమ్ముడు. ఊడుతుందని నేను చెప్పలేను. ఊడదని ఆ చక్రం మీద ఎవరూ సంతకం పెట్టలేదు, అంతవరకు చెప్పగలను అన్నాను. సెట్టు వదిలేశాడు.

ఐదోది బరువు. దీనికి నంబరు ఉండదు, తూచాలి. 17 అంగుళాల అల్లాయ్ మంచిదైతే 8 కిలోల దగ్గర వస్తుంది, చవకది 11, 12 కూడా ఉంటుంది. పోతపోసి వదిలేసింది ఒక రకం. పోత పోశాక అంచుని వేడి మీద తిప్పుతూ రోలర్లతో సాగదీసేది ఫ్లో ఫార్మింగ్, అది తేలిగ్గా, గట్టిగా ఉంటుంది. ఫోర్జ్‌డ్ అయితే ఇంకా గట్టి, రేటు చూస్తే కళ్లు తిరుగుతాయి. ఒక్కో చక్రానికి 3 కిలోలు పెరిగితే ఏమవుతుందిలే అనుకుంటాం. ఇది సస్పెన్షన్ కింద ఉండే బరువు, పైగా తిరిగే బరువు. పికప్ తగ్గుతుంది, బ్రేకుకి పని పెరుగుతుంది, గుంతలో చక్రం పైకి లేచి మళ్లీ కిందకి రావడం ఆలస్యమవుతుంది. జీటీ కొన్నది స్పీడు కోసమైతే, బరువైన 18లు వేసి ఆ స్పీడుని మీరే తినేస్తున్నారు. మా దగ్గర పత్తి తూచే ఎలక్ట్రానిక్ కాటా ప్రతి వీధిలో ఉంటుంది. పాత చక్రం, కొత్త చక్రం రెండూ దాని మీద పెట్టి చూడండి. డబ్బు కట్టే ముందే.

మరి ఏం తీసుకోవాలి? నా మాట సూటిగా చెప్తాను. బండి ఎక్కువగా మన వైపే తిరిగితే 16 ఉంచుకోండి, ఆ డబ్బుతో మంచి టైర్లు వేయండి. మలుపులో పట్టు, బ్రేకు దూరం, వాన నీళ్లలో జారకపోవడం, ఇవన్నీ రబ్బరు చేసే పని. లుక్ కూడా కావాలంటే 17 దగ్గర ఆగండి. 205/50 ఆర్17 తీసుకుంటే మొత్తం ఎత్తు 636.8 మి.మీ., పాతదానికంటే ఒక శాతం లోపే ఎక్కువ. గోడ 102.5 మి.మీ. మిగులుతుంది. పది మి.మీ. మాత్రమే పోయింది. 93 ఎక్స్‌ట్రా లోడ్‌లో తీసుకుంటే 650 కిలోలు. ఎక్స్‌ట్రా లోడ్ టైరుకి గాలి రెండు మూడు పాయింట్లు ఎక్కువ పెట్టాలి, లేకపోతే ఆ మోసే శక్తి రాదు. తమ్ముడు చివరికి ఇదే తీసుకున్నాడు, 7జే రిమ్‌తో. 18 సంగతి అడిగితే, మన రోడ్లకి వద్దు అంటాను. ఆక్టేవియా ఆర్ఎస్ కంపెనీ నుంచే 18తో వచ్చింది కదా అంటారు. అవును, 225/40 ఆర్18. గోడ 90 మి.మీ. ఆ కారు యజమానులు కొందరు గుంతలకి భయపడి 225/45 ఆర్17కి దిగుతున్నారు. దిగేటప్పుడు బ్రేక్ క్యాలిపర్‌కి కొత్త రిమ్ తగలకుండా ఖాళీ ఉందో లేదో ముందు ఒక చక్రం పెట్టి తిప్పి చూసుకోవాలి.

ఇప్పుడు బిగించడం. ఫోక్స్‌వ్యాగన్, స్కోడాకి స్టడ్డు, నట్టు ఉండవు. బోల్టు నేరుగా హబ్‌లోకి పోతుంది. ఎం14×1.5. కంపెనీ బోల్టు తల కింద భాగం గుండ్రంగా, గోళీలాగా ఉంటుంది. బయటి అల్లాయ్‌లలో చాలావాటికి ఆ గుంట 60 డిగ్రీల కోన్ ఆకారంలో ఉంటుంది. గుండ్రటి బోల్టు కోన్ గుంటలో పెడితే సన్నటి గీత మీదే ఆనుతుంది. బిగించినప్పుడు టైటుగానే ఉంటుంది, వంద కిలోమీటర్లు పోయాక వదులవుతుంది. కొత్త రిమ్‌కి కోన్ గుంట ఉంటే కోన్ బోల్టులు ఇరవై కొనాల్సిందే. పొడవు కూడా చూడాలి. పాత బోల్టు చేత్తో ఎన్ని చుట్లు తిరిగి కూర్చుందో, కొత్తది కూడా అన్ని చుట్లు తిరగాలి. తక్కువ తిరిగితే పట్టు చాలదు. మరీ పొడుగైతే వెనక చక్రాల దగ్గర ప్రమాదం. వర్టస్‌కి వెనక డ్రమ్ బ్రేకులు. పొడుగు బోల్టు కొన డ్రమ్ లోపల సామాన్లకి తగలొచ్చు. బిగించాక చక్రం చేత్తో తిప్పి శబ్దం వినండి.

స్టెప్నీని మర్చిపోకండి. అది కంపెనీ చక్రమే, దానికి కంపెనీ బోల్టులే కావాలి. పాత బోల్టుల్లో ఐదు ఒక సంచిలో వేసి స్టెప్నీ పక్కనే పెట్టండి. లేకపోతే అర్ధరాత్రి అడవి దారిలో పంక్చరైతే, చేతిలో స్టెప్నీ ఉంటుంది, బిగించడానికి సరైన బోల్టు ఉండదు.

హబ్ మీద తుప్పు వైరు బ్రష్‌తో గీకి తుడవాలి. బోల్టులకి గ్రీజు పూయొద్దు. పూస్తే అదే టార్క్‌కి బోల్టు ఎక్కువ సాగిపోతుంది. ఐదు బోల్టులూ ముందు చేత్తో తిప్పాలి. గన్నుతో మొదలుపెడితే మర వంకరగా ఎక్కి హబ్ పాడవుతుంది. తర్వాత నక్షత్రం గీసినట్టు ఒకటి వదిలి ఒకటి బిగించి, కారు దించి టార్క్ రెంచ్ పెట్టాలి. ఈ కంపెనీ చిన్న కార్లకి మామూలుగా 120 న్యూటన్ మీటర్లు, మీ మాన్యువల్‌లో ఎంతుందో చూసుకోండి. 120 అంటే మీటరు పొడవు రాడ్డు చివర దాదాపు 12 కిలోల బరువు వేలాడదీసినంత. గన్ను పట్టుకున్న పిల్లాడికి అది తెలియదు, ట్రిగ్గర్ వదలడు. మేం ఖమ్మంలో ఒక షాపుకి వెళ్తే టార్క్ రెంచ్ అడిగితే నవ్వాడు. మాది మేమే తీసుకెళ్లాం. ఇప్పుడు ఒక మంచి రెంచ్ ఒక టైరు రేటులో సగం కూడా లేదు, నలుగురు ఫ్రెండ్స్ కలిసి కొనుక్కోండి.

బిగించాక ఇంటికి పోకుండా అక్కడే టెస్ట్ చేయాలి. స్టీరింగ్ చివరిదాకా అటూఇటూ తిప్పి టైరు ఎక్కడైనా రుద్దుతుందేమో చూడండి. తర్వాత బరువు టెస్ట్. యూరియా బస్తా 45 కిలోలు. రెండు వెనక సీట్లో, రెండు డిక్కీలో, మొత్తం 180 కిలోలు వేసి స్పీడ్ బ్రేకర్ మీద నెమ్మదిగా, తర్వాత కొంచెం స్పీడుగా ఎక్కించండి. ఖాళీ కారుకి తగలని టైరు నిండు కారుకి తగులుతుంది. షోరూమ్ బయట ఒక్కడే కూర్చుని చూసుకుంటే అది తెలియదు. ఆ బస్తాలు ఎక్కిస్తుంటే మాత్రం బాబాయ్ వచ్చి చాలా ఉత్సాహంగా సాయం చేశాడు. అలైన్‌మెంట్ చేయించండి. స్క్రీన్‌లో టైరు ప్రెషర్ వార్నింగ్ ఉంటే గాలి సరిచేశాక దాన్ని రీసెట్ చేయాలి. అది చక్రం తిరిగే వేగాన్ని బట్టి లెక్క వేస్తుంది, కొత్త చక్రం లెక్క దానికి నేర్పాలి.

చట్టం సంగతి తొందరగా చెప్పేస్తాను. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కి తేడాగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఆ ఏడాది సవరణ తర్వాత ఓనర్‌కి ఒక్కో మార్పుకి 5,000 జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ పడొచ్చు. అందుకే మడ్‌గార్డు దాటిన చక్రాలు, సైజు బాగా మారిన టైర్ల జోలికి పోవద్దనేది. ఇన్సూరెన్స్ కంపెనీకి ముందే రాసి, యాక్సెసరీ కింద పాలసీలో ఎక్కించుకోండి. వారంటీ ఉన్న కారైతే సస్పెన్షన్, బేరింగ్ క్లెయిమ్ వచ్చినప్పుడు సర్వీస్ సెంటర్ మొదట చూసేది చక్రాలనే.

వంద కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ మళ్లీ టార్క్ రెంచ్‌తో చూడాలి. మేం చూసినప్పుడు ఇరవైలో రెండు పావు చుట్టు తిరిగాయి. అది మామూలే, కొత్త చక్రం, కొత్త పెయింటు కూర్చునేదాకా అలా ఉంటుంది. ఆ తర్వాత కూడా ఎప్పుడు చక్రం విప్పినా, పంక్చర్ షాపులో అయినా సరే, ఇదే పని.

పాత 16 అంగుళాల సెట్టు అమ్మేయాలా అని చాలామంది అడుగుతారు. అమ్మొద్దు. కారు అమ్మేటప్పుడు కొనేవాడు ఒరిజినల్ అడుగుతాడు. టైర్లతో సహా పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పెట్టి, ఎండ తగలని చోట ఉంచండి, మధ్యలో గోనెసంచి వేస్తే గీతలు పడవు. తమ్ముడిది మా ఇంటి వెనక పత్తి గదిలో ఉంది. ఎలుకలు టైరు జోలికి రావు గానీ, బోల్టుల సంచి మాత్రం పైన తగిలించాను.

మీ రిమ్ వెనక ఫోటో తీసి పంపండి, ముందుది వద్దు. పీసీడీ, ఈటీ, లోడ్ రేటింగ్ స్పష్టంగా కనిపించేలా తీయండి. వచ్చే ఎపిసోడ్‌లో కొన్ని తీసుకుని లెక్క వేసి చూపిస్తాను. ఉంటాను మరి.